కాటిసీనుకి లైటింగ్: చీకటి కనబడాలి, మొహమూ కనబడాలి

పద్యనాటకాల్లో లైటింగ్ వాళ్ళకి అసలు పరీక్ష హరిశ్చంద్ర కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోని ఈ ఘట్టంలో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడటం మన స్టేజీ మీద ఆనవాయితీ. అర్ధరాత్రి, కాలుతున్న చితి, నల్ల గొంగడి కప్పుకున్న కాటికాపరి, కొడుకు శవంతో వచ్చిన చంద్రమతి. సన్నివేశం చీకటి అడుగుతుంది, పద్యం వెలుతురు అడుగుతుంది. పాడేవాడి పెదవి, కన్ను, కనుబొమ్మ కనబడకపోతే సగం పద్యం పోయినట్టే. పద్యనాటకానికి వచ్చేవాళ్ళలో పెద్ద వయసువాళ్ళు ఎక్కువ కాబట్టి ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

మామూలుగా జరిగేది అందరూ చూసిందే. నీలం ఫ్లడ్ రెండు, ఎర్ర లైటు ఒకటి, హాలు నిండా పొగ. ముందు వరసల వాళ్ళకి ఏదో కనబడుతుంది. పదిహేనో వరస దాటితే గొంతు తప్ప మనిషి ఉండడు. అప్పుడు వెనకనుంచి "లైటెయ్యండి" అని కేక వస్తుంది, లైట్ల బోర్డు దగ్గర కుర్రాడు కంగారుగా అన్నీ పైకి తోస్తాడు, శ్మశానం కాస్తా పెళ్ళిపందిరి అవుతుంది.

ఇక్కడ ఉదాహరణగా చెప్పేది ఒక కాటిసీనుకి మేం వేసిన లైటింగ్. ఈ డిజైన్ మొత్తం ఒకే లెక్క మీద నిలబడింది. లైట్లు తగ్గిస్తే రాత్రి రాదు, మొహానికీ వెనక తెరకీ మధ్య తేడా పెంచితే వస్తుంది. మొహం మీద 150 నుంచి 200 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకి కొలత), చుట్టూ నేల మీద 30 నుంచి 40, వెనక నల్లతెర మీద 10 లోపు. ఈ తేడా నిలబెడితే చివరి వరసకి మొహం అందుతుంది, కన్ను మాత్రం దాన్ని రాత్రి అనే ఒప్పుకుంటుంది. లక్స్ మీటరు లేకపోతే ఫోన్లో యాప్ వాడొచ్చు. అంకె కచ్చితంగా రాదు గానీ ఒకచోటికీ ఇంకోచోటికీ ఉన్న తేడా తెలుస్తుంది, మనకి కావలసింది అదే.

స్టేజీ, సామాను

జిల్లా కేంద్రాల్లో ఉండే మామూలు ఆడిటోరియం కొలతలే తీసుకున్నాం. ముందు తెర దగ్గర వెడల్పు 30 అడుగులు, లోతు 20, హాలు నేలనుంచి స్టేజీ ఎత్తు 4. ఇక్కడ కుడి, ఎడమ అంటే ప్రేక్షకులవైపు తిరిగి నిలబడ్డ నటుడి కుడి, ఎడమ. కాటిసీనుకి మొత్తం 30 అడుగులూ వాడలేదు. నడిమి 20 అడుగులే ఆటస్థలం, రెండు పక్కలా ఐదేసి అడుగులు కావాలనే చీకటిగా వదిలేశాం. ఆ చీకటి స్టేజీని లోతుగా చూపిస్తుంది, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

సామాను: 1000 వాట్ల ఫ్రెనెల్‌లు (అంచు మెత్తగా పడే లైట్లు) నాలుగు, 1000 వాట్ల పార్ 64 క్యాన్లు (డబ్బాలాంటి జోరు లైట్లు) మూడు, 750 వాట్ల ప్రొఫైల్ స్పాట్లు (వెలుతురుని కావలసిన ఆకారంలో కోయగల లైట్లు) రెండు, ఆర్‌జీబీడబ్ల్యూ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు కలిసిన) ఎల్ఈడీ పార్లు ఆరు, చితికోసం 100 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బులు మూడు, వెలుతురు పెంచి తగ్గించే ఆరు చానళ్ళ డిమ్మర్ ప్యాకులు రెండు, వీటన్నిటినీ డిజిటల్ సిగ్నల్‌తో నడిపే ఒక చిన్న డీఎంఎక్స్ బోర్డు. మూవింగ్ హెడ్లు అద్దెకి దొరికాయి, తీసుకోలేదు. అవి తిరిగే చప్పుడు, వాటి ఫ్యాన్ల హోరు రాగం తీసేటప్పుడు మైకుల్లోకి ఎక్కుతాయి.

ముందు లైట్లు ఎక్కడ కట్టాలి

యేల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన స్టాన్లీ మెకాండ్లెస్ 1932లో అచ్చువేసిన పద్ధతే ఇప్పటికీ పునాది. నటుడికి రెండువైపులనుంచి ముందుకి 45 డిగ్రీలు, పైకి 45 డిగ్రీలు, ఒకవైపు చల్లని రంగు, రెండోవైపు వెచ్చని రంగు. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. ముందుకీ పక్కకీ పైకీ సమానంగా జరిపితే లైటు నిజంగా దిగే కోణం 45 కాదు, సుమారు 35 డిగ్రీలే. క్యూబుకి ఒక మూలనుంచి ఎదురు మూలకి గీసిన గీత లాంటిది అది. మొహానికి ఈ 35 చాలా బాగుంటుంది. కళ్ళగుంటలు నల్లబడవు, ముక్కు నీడ పెదవి మీదికి దిగదు.

మన కొలతల్లో చెప్పాలంటే నటుడి కన్ను స్టేజీ మీద ఐదున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. పైపు 16 అడుగుల ఎత్తున కడితే తేడా పదిన్నర. కాబట్టి నటుడినుంచి ముందుకి పదిన్నర, పక్కకి పదిన్నర జరిపి ఫ్రెనెల్ బిగించాలి. అక్కడినుంచి మొహానికి దూరం 18 అడుగులు చిల్లర. ఫ్రెనెల్‌ని 34 డిగ్రీలకి తెరిస్తే ఆ దూరంలో 11 అడుగుల వృత్తం పడుతుంది. ఒక్కోవైపు రెండేసి ఫ్రెనెల్‌లతో, నడిమిలో కొంత ఒకదాని మీద ఒకటి ఎక్కేలా, 20 అడుగుల ఆటస్థలం నిండింది.

స్టేజీ మీద 16 అంటే హాలు నేలనుంచి 20 అడుగులు. "స్టాండ్లమీద పెట్టేద్దాం, పోదా?" అనేవాళ్ళు ఉంటారు. 12 అడుగుల స్టాండు హాలు నేలమీద నిలబెడితే స్టేజీనుంచి 8 అడుగుల ఎత్తే వస్తుంది, కంటికన్నా రెండున్నర అడుగులు పైన. వెలుతురు అడ్డంగా కొడుతుంది, మనిషి నీడ నేలమీద పడకుండా వెనక తెర మీద నిలువునా లేస్తుంది. 10 లక్స్ దాటకూడదనుకున్న తెర అక్కడే చెడుతుంది. పక్క గోడలకి బ్రాకెట్లు వేసి ఇనుప పైపు కట్టించడం తప్పదు. ప్రతి లైటుకీ క్లాంపుతో పాటు ఇనుప సేఫ్టీ వైరు కూడా ఉండాలి, కింద కూర్చునేది ప్రేక్షకులు.

పైపు కట్టేముందు తలెత్తి సీలింగ్ ఫ్యాన్లు చూసుకోవాలి. ఫ్యాను రెక్క ఫ్రెనెల్ దారిలో ఉంటే స్టేజీ అంతా కొట్టుకుంటుంది, ఎక్కడినుంచో తెలియక డిమ్మర్ని అనుమానిస్తాం. ఫోకస్ చేసేటప్పుడు ఫ్యాన్లు ఆగి ఉంటాయి కాబట్టి ఈ తప్పు రాత్రి ఆటలోనే బయటపడుతుంది. ఫ్యాన్లు తిప్పి ఫోకస్ చెయ్యాలి.

రంగులు

ఎడమవైపు రెండు ఫ్రెనెల్‌లకి లీ కంపెనీ 201 (లేత నీలం), కుడివైపు రెండింటికి లీ 103 (లేత పసుపు) జిలెటిన్, అంటే రంగు ఫిల్టరు, వేశాం. కాటిసీను దాదాపు అంతా 201 మీదే నడుస్తుంది, 103 చివర్లో దేవతలు ప్రత్యక్షమయ్యేదాకా పడుకునే ఉంటుంది. మిగతా దర్బారు సీన్లకి రెండూ కలిపి వాడుకోవచ్చు.

రాత్రి అనగానే ముదురు నీలం వేయాలని చెయ్యి లాగుతుంది. ముందు లైటులో మాత్రం అది వద్దు. లీ 119 లాంటి డార్క్ బ్లూ వచ్చిన వెలుతురులో నూటికి మూడు వంతులే వదులుతుంది. 201 మూడో వంతు వదులుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మేకప్‌కి. ఎర్రటి వస్తువు ఎర్రగా కనబడాలంటే దాని మీద పడే వెలుతురులో ఎరుపు ఉండాలి. ముదురు నీలంలో అది ఉండదు. పెదవుల రంగు నల్లగా మారుతుంది, చంద్రమతి నుదుటి కుంకుమ మసిబొట్టు అవుతుంది, బుగ్గల మీద రాసిన రంగు దెబ్బ తగిలిన మచ్చలా తేలుతుంది. 201లో అన్ని రంగులూ కొంత మిగులుతాయి.

మొహం వెలుతురు తగ్గించాలన్నప్పుడు జిలెటిన్‌తో తగ్గించాలి, డిమ్మర్తో కాదు. హాలోజన్ లైటుని 30 శాతానికి దించితే ఫిలమెంట్ ఎర్రబడి, ఆ పసుపు-ఎరుపు వెలుతురు నీలం జిలెటిన్‌లోంచి మురికి బూడిద రంగుగా దిగుతుంది. 201 వేసి 65 దగ్గర పెడితే రంగు శుభ్రంగా ఉంటుంది. ఇంకా తగ్గాలంటే మరో పొర జిలెటిన్ వెయ్యడమే.

ముదురు నీలం ఉండాల్సిన చోటు వెనక. స్టేజీ వెనక పైపుకి 14 అడుగుల ఎత్తున మూడు ఎల్ఈడీ పార్లు, కిందికి నిటారుగా, నీలం 100, తెలుపు 5. నల్ల గొంగడి ముందు లైటుని మింగేస్తుంది, మనిషి నల్లతెరలో కలిసిపోతాడు. భుజాల మీద, తలమీద ఈ నీలం గీత పడ్డప్పుడే ఆకారం విడిపోతుంది. మూడిటినీ కోణం చూసి వంచాలి. ముందు వరసలో కూర్చుని ఒకసారి చూడండి, లైటు అద్దం కంట్లో కొడుతుంటే ఇంకాస్త కిందికి. నాలుగో, ఐదో ఎల్ఈడీలు వెనక తెర అడుగున, కాశీలో గంగ ఒడ్డు అనిపించేటంత సన్నటి నీలం చారకి. పళ్ళెంలో నీళ్ళు పోసి లైటు తిప్పి అలలు చూపించే పాత చిట్కా కూడా ఉంది. చూడ్డానికి బాగుంటుంది గానీ పద్యం మధ్యలో కన్ను దాని మీదికే పోతుంది. ఇక్కడ వదిలేశాం.

ఆరో ఎల్ఈడీ స్టేజీ ముందు అంచున నేలమీద, లేత నీలం, 10 శాతం. గొంగడి తలమీదికి లాక్కుంటే నుదుటినుంచి పడే నీడ కళ్ళని మూసేస్తుంది. ఈ చిన్న వెలుతురు కింద నుంచి వచ్చి కళ్ళు తెరిపిస్తుంది. 10 దాటితే మైకు స్టాండు నీడ వెనక తెర మీద కొబ్బరిచెట్టంత లేస్తుంది. పైనుంచి వేలాడే మైకుల నీడ మొహం మీద పడుతుంటే మైకు కదపమని సౌండువాళ్ళతో గొడవ పడక్కర్లేదు, ఫ్రెనెల్‌ని పైపుమీద అడుగు పక్కకి జరిపితే చాలు.

చితి, పొగ

చితి స్టేజీ ఎడమ వెనక మూలలో. పేర్చిన కట్టెల మధ్య మూడు 100 వాట్ల బల్బులు, మూడూ మూడు వేరువేరు డిమ్మర్ చానళ్ళ మీద, కట్టెలకి తగలకుండా ఇనుప జాలి లోపల. ఒక్క చానల్ మీద మూడూ వేస్తే అన్నీ కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి, అది నిప్పులా కాదు, చెడిపోయిన ట్యూబులైటులా ఉంటుంది. ఒక్కోటి 30కీ 80కీ మధ్య, అర సెకను అటూ ఇటూగా, వేరువేరు లయల్లో తిరగాలి. ఏదీ సున్నాకి పోకూడదు. మంట ఆరి వెలగదు, ఊగుతుంది.

బల్బులు కంటికి నిప్పుని చూపిస్తాయి గానీ మనుషులమీద వెలుతురు వెయ్యలేవు. ఆ పని ఎడమ వింగ్‌లో (స్టేజీ పక్కతెర వెనక చోటు), చితికి వెనకగా పెట్టిన పార్ 64ది. లీ 204 (నారింజ రంగు) రెండు పొరలు, 25 శాతం. ఇక్కడ డిమ్మర్ తగ్గితే ఎరుపెక్కడం మనకి అనుకూలమే. మిగతా రెండు పార్లు రెండు వింగుల్లో, తల ఎత్తున, 201తో. పక్కనుంచి వచ్చే ఈ వెలుతురు వెనక తెరకి తగలదు కాబట్టి ధైర్యంగా పెంచుకోవచ్చు.

పొగ విషయంలో డైరెక్టర్లతో ముందే తేల్చుకోవాలి. మామూలు స్మోక్ మెషిన్ పొగ వేడిగా వచ్చి పైకి లేస్తుంది, నేలమీద పాకదు. పైగా నలభై నిమిషాలు ఎత్తు శృతిలో పాడాల్సిన గొంతు ఎండిపోతుంది. ఇక్కడ తెర లేవడానికి ముందు ఒకేసారి 10 సెకన్లు, చితి వెనకనుంచి, స్టేజీ ఫ్యాన్లు ఆపి. ఆ తర్వాత మళ్ళీ లేదు. వెనక నీలం లైట్లు ఉన్నాయి కాబట్టి ఆ కొంచెం పొగే చాలాసేపు కనబడుతుంది.

మంగళసూత్రం

సీను మొత్తానికి కీలకం ఇదే. చంద్రమతి మెడలో సూత్రం భర్తకి తప్ప ఇంకెవరికీ కనబడదు. కాటిసుంకం అడుగుతున్న హరిశ్చంద్రుడు దాన్ని చూస్తాడు. లైటు చెప్పాల్సింది రెండు ముక్కలు: ఇంతసేపూ అది లేదు, ఇప్పుడు ఉంది.

నీలంలో పసుపుతాడు, బంగారం రెండూ చచ్చిపోతాయి. ఇంతకుముందు లోపం అనుకున్నది ఇక్కడ పనికొస్తుంది. 201 లేత నీలమే అయినా ఆ వెలుతురులో సూత్రం కొట్టొచ్చినట్టు కనబడదు. ముందు పైపు మీద ఒక ప్రొఫైల్‌కి 103 వేసి, ఐరిస్ (వెలుతురు వృత్తాన్ని చిన్నది చేసే రేకు) మూసి, గెడ్డం కిందనుంచి రొమ్ముదాకా అడుగున్నర వృత్తం పడేలా ఫోకస్ చేశాం. అంచు పదునుగా ఉంటే టార్చి వేసినట్టుంటుంది, లెన్స్ కాస్త జరిపి అంచు కరిగించాలి. సున్నానుంచి 70కి 4 సెకన్లు. హరిశ్చంద్రుడు తల తిప్పాక మొదలవ్వాలి, తిప్పకముందు కాదు. ముందే వెలిగితే ప్రేక్షకుడు ఆయనకన్నా ముందు కనిపెట్టేసినట్టవుతుంది.

దీనికి చంద్రమతి అంగుళాల లెక్కన నిలబడాలి. నేలమీద తెల్ల టేపు ముక్క వేస్తే నీలంలో మెరిసి హాల్లోకి కనబడుతుంది. ముదురు ఎరుపు టేపు వెయ్యండి. నటికి దగ్గరనుంచి ఆనుతుంది, ప్రేక్షకుడికి నేలలో కలిసిపోతుంది.

తెల్లచీర గురించి కూడా ఇక్కడే. గొంగడి పక్కన తెల్లచీర నిలబడితే ఒకే వెలుతురులో చీర మండిపోతుంది, చీర పక్కన మొహం నల్లబడుతుంది. ఆమె నిలబడే చోటి ఫ్రెనెల్‌ని 45కి దించి, మొహానికి మాత్రం రెండో ప్రొఫైల్‌ని 201తో, షట్టర్లు వేసి వెలుతురుని మెడదగ్గర కోసి, అందించాం. కాస్ట్యూమ్ వాళ్ళు ఒప్పుకుంటే చీరని పలచటి టీ డికాక్షన్లో ముంచి ఆరేయడం అన్నిటికన్నా సులువు.

క్యూలు

ముందు సీన్లో కాశీ బజారు వెలుతురు బాగా ఉంటుంది. కన్ను చీకటికి అలవాటు పడకముందే తెర లేస్తే మొదటి పద్యం గాలికి పోతుంది. అందుకని సీన్ల మధ్య హాలు లైట్లు వెయ్యనివ్వకూడదు. తెర లేచేటప్పుడు చల్లని ఫ్రెనెల్‌లు 80 దగ్గర ఉంటాయి, లేచిన దగ్గరనుంచి 3 నిమిషాలపాటు మెల్లగా 65కి జారుతాయి. తగ్గినట్టు ఎవరికీ తెలియదు, కన్ను కూడా వెంట జారుతుంది.

ఆ తర్వాత క్యూలు, అంటే లైట్లు మార్చే ఘట్టాలు, తక్కువ. చంద్రమతి ప్రవేశానికి ఆమె వైపు 12 సెకన్లలో పెరుగుతుంది. సూత్రం క్యూ చెప్పుకున్నాం. భార్యని గుర్తుపట్టాక ఆ ప్రొఫైల్ 15 సెకన్లలో ఆరి, చితి పార్ 25నుంచి 45కి ఎక్కుతుంది. కత్తి ఎత్తేటప్పుడు వెనక తెర చార, ముందు ఫ్రెనెల్‌లు 3 సెకన్లలో 20కి, వింగ్ పార్లు రెండూ 80కి. కత్తి అంచు పక్క లైటులోనే మెరుస్తుంది. మెరుపు కావాలంటే వెనక ఎల్ఈడీల తెలుపు మాత్రం రెండు మూడుసార్లు, సమానంగా లేకుండా, ఉరుము ఒక సెకను తర్వాత. స్ట్రోబ్ (టపటపా కొట్టే లైటు) వద్దు. చివర్లో విశ్వామిత్రాదులు ప్రత్యక్షమైనప్పుడు 103 ఫ్రెనెల్‌లు 6 సెకన్లలో 85కి, వెనక నీలం తగ్గి అంబర్ పైకి.

ఒక్క నియమం మాత్రం బోర్డు మీద రాసి అంటించాలి: పద్యం నడుస్తుండగా క్యూ లేదు. స్క్రిప్టులో చివరి మాట చూసి మీట నొక్కితే తప్పే. మాట అయిపోయాకే అసలు రాగం మొదలవుతుంది, అది అర నిమిషం పోవచ్చు, రెండు నిమిషాలు పోవచ్చు. హార్మోనియం శృతి మీదికి వచ్చి ఆగాక, చప్పట్లు తగ్గుతుండగా వెళ్ళాలి. వన్స్‌మోర్ కొడితే ఉన్నచోటే ఉండాలి. అందుకే అన్ని క్యూలూ చేత్తో నొక్కేవే, టైమరు మీద నడిచేది ఆ 3 నిమిషాల జారుడు ఒక్కటే. బోర్డు దగ్గర కూర్చునేవాడికి కంప్యూటర్ వచ్చినా రాకపోయినా పద్యాలు రావాలి.

కరెంటు

డిమ్మర్ ప్యాక్ ఒకటి మీద నాలుగు ఫ్రెనెల్‌లు, చితి బల్బులు రెండు: 4,200 వాట్లు, 230 వోల్టుల దగ్గర 18 ఆంపియర్ల పైచిలుకు. రెండో ప్యాక్ మీద మూడు పార్లు, రెండు ప్రొఫైళ్ళు, మూడో బల్బు: 4,600 వాట్లు, 20 ఆంపియర్లు. గోడకున్న 16 ఆంపియర్ల ప్లగ్గులో ఈ రెంటిలో ఏదీ పెట్టకూడదు. మెయిన్ బోర్డునుంచి ఒక్కో ప్యాక్‌కి ఒక్కో ఫేజు, 32 ఆంపియర్ల ఎంసీబీ, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. ఎల్ఈడీలు, బోర్డు, సౌండు మూడో ఫేజు మీద. డిమ్మర్లున్న ఫేజు మీద ఆంప్లిఫయర్ పెడితే పద్యం వెనకాల జుమ్మని తంబూరా మోగుతూనే ఉంటుంది. లైటు కేబుల్, మైకు కేబుల్ పక్కపక్కన పరవకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. మిగిలిన కేబుల్ చుట్ట చుట్టి వదిలితే ఆ చుట్ట వేడెక్కి తొడుగు కరుగుతుంది, పరిచి వదలాలి.

జనరేటర్ మీద ఆడేటప్పుడు అన్నిటికన్నా ముందు న్యూట్రల్ బిగింపు చూడాలి. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ ఊడితే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి 400 వైపు ఎగబాకుతుంది. మన అమరికలో తక్కువ లోడున్నది ఎల్ఈడీలు, సౌండు ఉన్న ఫేజే, ముందు కాలేవి అవే.

చల్లగా ఉన్న ఫిలమెంట్ మొదటి క్షణంలో కరెంటు ఎన్నోరెట్లు లాగుతుంది. సున్నానుంచి ఒక్కసారి పైకి తోస్తే ఎంసీబీ పడొచ్చు, లాంపు తెగొచ్చు. తెర లేవడానికి పావుగంట ముందునుంచి హాలోజన్లన్నీ 5 శాతం మీద ఉంచితే ఈ బెడద ఉండదు. మంగళసూత్రం ప్రొఫైల్‌ని మాత్రం ఎరుపు కూడా కనబడనంత కింద, 3 దగ్గర ఉంచాలి.

డీఎంఎక్స్ అడ్రసులు: ప్యాకులు 1, 7. ఎల్ఈడీలు ఎనిమిది చానళ్ళ మోడ్‌లో 21, 29, 37, 45, 53, 61. చివరి ఎల్ఈడీలో 2, 3 పిన్నుల మధ్య 120 ఓముల రెసిస్టరు పెట్టిన టెర్మినేటర్ ప్లగ్గు గుచ్చాలి. అది లేకపోయినా, డీఎంఎక్స్ కేబుల్ బదులు మైకు కేబుల్ వాడినా మధ్యాహ్నం అంతా బాగానే ఉంటుంది, రాత్రి ఉన్నట్టుండి ఒక ఎల్ఈడీ తనంతట తాను మెరవడం మొదలెడుతుంది. చవకరకం ఎల్ఈడీలు 10 శాతం కింద మెట్లుమెట్లుగా ఆరతాయి, కాబట్టి నెమ్మదిగా ఆర్పే క్యూ ఏదీ వాటిమీద పెట్టలేదు.

ఇక చివరి చెకింగు ఆటకి ముందు జరిగే సన్మానం అయ్యాక చెయ్యాలి, ముందు కాదు. శాలువాలు, బొకేలు, ఫొటోలు అయ్యేసరికి ముందు అంచున ఉన్న ఎల్ఈడీని ఎవరో ఒకరు కాలితో తిప్పి ఉంటారు, వింగ్ పార్‌కి ఎవరో కుర్చీ ఆనించి ఉంటారు. తెర వేశాక ఐదు నిమిషాలు అడిగి తీసుకుని, ఆరో ఎల్ఈడీ కోణం, రెండు వింగ్ పార్లు, చితి బల్బులు, ఎర్ర టేపు గుర్తు ఈ నాలుగూ చూసుకుని అప్పుడు పొగ వెయ్యమని చెప్పాలి.